సబ్బునీళ్ల టబ్బు దగ్గర

పిట్ట గొంతు ఎలా ఉంటుందో ఆటలమ్మ మొదటిసారి విన్నది తన గదిలో కాదు. బొమ్మలు కడిగే చోట, అదీ తలుపు వెనక నిలబడి.

ఆ రోజు గురువారం. ఆట గంట నాలుగూముప్పావుకి అయిపోయింది. పిట్టని వరండాలో కిటికీ పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి, అమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉండమ్మా అని చెప్పి, ఆటలమ్మ గదిలోకి వచ్చి నోట్సు రాసుకుంటోంది. రాస్తూ రాస్తూ మొసలి బొమ్మ దగ్గర ఆగిపోయింది. పిట్ట ఇవాళ మొసలిని ఇసుకలో పాతిపెట్టి వదిలేసిందా, మళ్లీ తవ్వి తీసిందా? బొమ్మల బుట్ట అప్పటికే ఆయా పట్టుకుపోయింది. చూసి వద్దామని వెనకవైపుకి వెళ్లింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు, ఆయా గొణుగుడు, ఆ మధ్యలో సన్నగా, కాస్త బొంగురుగా ఒక పిల్ల మాట.

"తోక కింద కూడా రుద్దు. అక్కడ మన్ను ఉంది."

ఆటలమ్మ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

ఆ పిల్ల నోరు విప్పి పది నెలలైంది. ఆరేళ్లది. పుట్టినప్పటి నించీ కిచకిచలాడుతూనే ఉండేదని ఇంట్లో పిట్ట అని పిలిచేవారట. తమ్ముడు పుట్టాడు, పదకొండు రోజులు బతికాడు, పోయాడు. ఆ తర్వాత పిట్ట మాటలు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వచ్చింది. ముందు బళ్లో మానేసింది, తర్వాత నాన్నతో, చివరికి అమ్మ చెవిలో గుసగుసగా చెప్పే ఆ నాలుగు మాటలు కూడా. వాళ్లమ్మ మందుల షాపులో పనిచేస్తుంది, నాన్న లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరూ పిల్లని తీసుకుని చెవి డాక్టరు దగ్గరికీ గొంతు డాక్టరు దగ్గరికీ తిరిగి, ఏ లోపమూ లేదనిపించుకుని, చివరికి ఈ పిల్లల కేంద్రానికి వచ్చారు. అప్పటి నించి ఇరవై ఎనిమిది గురువారాలు గడిచాయి. ఆ ఇరవై ఎనిమిదింటిలోనూ పిట్ట ఆటలమ్మతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆటలమ్మ అసలు ఉద్యోగం పేరు పొడుగ్గా ఉంటుంది. ఆటల ద్వారా పిల్లల మనసు కుదుటపరిచే నిపుణురాలు అని తలుపు మీద బోర్డు కూడా ఉంది. పిల్లలకి అదంతా నోరు తిరగక ఆటలమ్మ అనేశారు. ఒకసారి ఒక తాతగారు అది విని, పొక్కుల జబ్బు పేరు పెట్టారేంట్రా మహాతల్లికి అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. పద్దెనిమిదేళ్లుగా అదే పేరు.

ఆ పనిలో ఆమెకి మంచి పేరుంది, ఆ పేరంటే ఆమెకి ఇష్టం కూడా. గదిలో ఇసుక పెట్టె, బొమ్మరిల్లు, బంకమన్ను, రంగులు, ఒక బుట్ట నిండా ప్లాస్టిక్ జంతువులు ఉంటాయి. పిల్లలు వచ్చి ఇష్టమొచ్చినట్టు ఆడుకుంటారు. ఆమె పక్కనే నేల మీద కూర్చుని చూస్తుంది. ఏమైందని అడగదు, అలా కాదు ఇలా అని చెప్పదు. నోటితో చెప్పలేనిది పిల్లలు చేత్తో చెబుతారని ఆమె నమ్మకం. తండ్రి తాగొచ్చి కొడితే ఏనుగుని గోడకేసి కొట్టిన పిల్లవాడున్నాడు. తల్లి వదిలేసి వెళ్తే బొమ్మరింటికి తలుపులన్నీ బంకమన్నుతో మూసేసిన పిల్ల ఉంది. వాళ్లంతా ఏదో ఒకరోజు ఆమె వైపు తిరిగి నోరు విప్పినవాళ్లే. ఆ క్షణం కోసం ఆమె ఎన్నాళ్లయినా కాచుకుని కూర్చోగలదు. ఓర్పులో నీ తర్వాతే ఎవరైనా అని సూపరింటెండెంట్ నలుగురిలో అంటే ఆమె తల వంచుకుని లోపల లోపలే పొంగిపోయేది.

ఇక ఆయా. ఆమె అంతకుముందు పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. మోకాళ్లు పట్టేస్తున్నాయని ఇక్కడికి మార్చారు. గదులు తుడవటం, బొమ్మలు సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టడం ఆమె పని. చదువు లేదు, శిక్షణ లేదు, ఓర్పు అసలే లేదు. బొమ్మల్ని కడుగుతూ వాటిని తిడుతూ ఉంటుంది. ఏమే జిరాఫీ, అంత మెడ పెట్టుకుని సబ్బు అంటే పారిపోతావేం, అంటుంది. కోతికి చెవులు పిండుతుంది. ఆ గొడవ గదిలోకి వినిపిస్తోందని ఆటలమ్మ ఇదివరకు రెండుసార్లు మందలించింది కూడా.

అలాంటి ఆయా పక్కన పీట వేసుకుని, చేతులు మోచేతుల దాకా నురగలో ముంచి, పిట్ట మొసలి తోక గురించి మాట్లాడుతోంది.

సంతోషించాలి. ఆటలమ్మకి తెలుసు, ముందు రావాల్సింది సంతోషమేనని. దాని కోసం ఒక నిమిషం పాటు తలుపు దగ్గరే ఎదురు చూసింది కూడా. రాలేదు.  ఇన్నాళ్లూ వంట చేసి, వడ్డించి, విసనకర్ర పట్టుకుని కూర్చున్నది తను, విస్తరి మాత్రం పక్కింటివాళ్లకి అందినట్టు అనిపించింది. చప్పుడు చెయ్యకుండా గదికి తిరిగి వచ్చింది.

అయిదింటికి వాళ్లమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఎప్పట్లాగే, నోటితో అడక్కుండా కనుబొమలు పైకెత్తి అడిగింది. ఏమైనా?

"ఇవాళ బాగా ఆడుకుంది," అంది ఆటలమ్మ.

అంతే చెప్పింది. మిగతాది చెప్పటానికి నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. ఒక్కసారి విన్నదాన్ని పట్టుకుని తల్లికి ఆశ పెట్టకూడదు, ఇంకో వారం చూద్దాం, అని తనకి తాను సర్దిచెప్పుకుంది. వినటానికి ఆ మాట సబబుగానే ఉంది. కానీ ఆ తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతుంటే, ఆటలమ్మ కిటికీ దగ్గరికి పోలేదు. ఎప్పుడూ పోయేది.

మరుసటి గురువారం ఆమె ఒక పని చేసింది. తర్వాత తలచుకున్నప్పుడల్లా సిగ్గుతో చెవులు వేడెక్కేవి. ఇంటి నించి ఒక చిన్న నీలం టబ్బు తెచ్చి, ఆట గదిలో సబ్బునీళ్లు కలిపి పెట్టింది. పిట్ట రాగానే జిరాఫీని నీళ్లలో ముంచి, "ఏమే జిరాఫీ, మెడ కడుక్కోవా?" అంది. గొంతు తనకే ఎబ్బెట్టుగా వినిపించింది, పెళ్లిలో ముక్కూమొహం తెలియనివాళ్లని వరస కలిపి పిలిచినట్టు. పిట్ట ఆమెని చూసింది. టబ్బుని చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, గంట పూర్తయ్యేదాకా అటు తిరిగి కూర్చుంది. ఇరవై తొమ్మిది వారాల్లో ఆ పిల్ల ఆటలో ఏ బొమ్మనీ ముట్టుకోని రోజు అదొక్కటే.

అయినా నాలుగూముప్పావుకి వరండాలో కూర్చోబెట్టగానే పిట్ట బల్ల మీద నించి జారి, వెనకవైపుకి పరుగెత్తింది.

ఆ వారమంతా ఆటలమ్మకి ఆయా ఏం చేసినా గిట్టలేదు. చీపురు చప్పుడు గిట్టలేదు. టీ గ్లాసు టేబుల్ మీద పెట్టిన తీరు గిట్టలేదు. వేరే పిల్లలు ఆయా కనపడగానే బుడగలత్తా అని చేతులూపితే, అది కూడా కళ్లలో కారం పడ్డట్టుండేది. ఎప్పటినించి పిలుస్తున్నారు అలా? తనకి ఎందుకు తెలియలేదు?

మూడో గురువారం ఆమె కావాలనే తలుపు దగ్గరికి వెళ్లింది. అది తప్పని తెలిసే వెళ్లింది. లోపల పిట్ట నవ్వుతోంది, ఊపిరాడనట్టు. బుడగ ఏదో ఆయా ముక్కు మీద పేలినట్టుంది. నవ్వులు అయ్యాక ఆయా మామూలుగా, రుద్దుతూనే అడిగింది. ఇన్ని కబుర్లు చెబుతావు కదా, ఆ గదిలో అమ్మగారితో మాట్లాడవేం, పాపం మంచావిడే, అని.



"ఆవిడ ఎప్పుడూ నా నోరే చూస్తుంది," అంది పిట్ట.

ఆటలమ్మ గదిలోకి వచ్చి తలుపు వేసుకుంది. ఆ మాట నిజమా కాదా అని ఆలోచించలేదు. పద్దెనిమిదేళ్ల ఓర్పుని ఒక ఆరేళ్ల పిల్ల, అదీ బట్టలు ఉతికే మనిషికి, ఒక్క ముక్కలో కట్టి చేతిలో పెట్టింది. ఒళ్లు మండిపోయింది. కాగితం తీసి సూపరింటెండెంట్‌కి రాసింది. బొమ్మలు కడిగే పని పిల్లలు ఉండే వేళ జరుగుతోందని, సబ్బునీళ్లకి నేల జారి పిల్లలు పడే ప్రమాదం ఉందని, పైగా పిల్లల విషయాలు బయటివాళ్ల చెవిన పడుతున్నాయని, ఇకనించి ఆ పని ఉదయమే ముగిస్తే మంచిదని. ఒక్క అక్షరం అబద్ధం లేదు. 

సోమవారానికల్లా ఆయాని ఉదయం పనికి మార్చారు. పన్నెండింటికి ఆమె వెళ్లిపోవాలి. ఆటలమ్మ దగ్గరికి వచ్చి, సరేనమ్మా, పై నించి ఆర్డరంట, అని చెప్పి, కొంగు వేలికి చుట్టుకుంటూ ఇంకొక్క మాట అడిగింది. గురువారం ఆ చిన్న పిల్ల నాకోసం ఎదురు చూస్తుందేమో, ఒక్కసారి వచ్చి కనపడి చెప్పి వెళ్లనా, అని.

"అక్కర్లేదు. నేను చెప్తాను," అంది ఆటలమ్మ.

చెప్పలేదు. చెప్పటమంటే తను విన్నానని ఒప్పుకోవటమే కదా, అనుకుంది.

ఆ గురువారం ఆట అయ్యాక పిట్ట వెనకవైపుకి వెళ్లింది. టబ్బు గోడకి బోర్లించి ఉంది, నేల పొడిగా ఉంది, పీట లేదు. ఆటలమ్మ వరండాలో నించి చూస్తూనే ఉంది. పిల్ల బోర్లించిన టబ్బు మీద కూర్చుని, వాళ్లమ్మ వచ్చి పిలిచేదాకా తలుపు వైపే చూసింది. ఇక నెమ్మదిగా తన దగ్గరికే వస్తుందిలే, ఇంకెక్కడికి పోతుంది, అని ఆటలమ్మ మనసు మూలల్లో ఒక చిన్న గొంతు అంది. ఆ గొంతుని ఆమె వింది. విననట్టు ఊరుకుంది.

పిట్ట ఆమె దగ్గరికి రాలేదు. తర్వాతి వారం గదిలోకి వచ్చి, చేతులతో ఇసుక ఎత్తి ఎత్తి బొమ్మరిల్లు మొత్తం నింపేసింది. మంచాలూ వంటిల్లూ మెట్లూ అన్నీ మునిగిపోయాయి, కప్పు దాకా. ఆ పై వారం అసలు గదిలోకే రానంది. వాళ్ల నాన్న పని బట్టల్తోనే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. దింపగానే బల్ల కిందకి దూరి, మోకాళ్లలో తల పెట్టుకుంది. కూర్చున్నచోటే తడిపేసుకుంది కూడా. మళ్లీ అన్నం మానేసిందండీ, అన్నాడాయన, చేతికంటిన గ్రీజు రుమాలుతో తుడుచుకుంటూ. నెల కిందట కాస్త తేరుకున్నట్టే అనిపించింది, నిద్రలో నవ్వేది కూడా, ఏమైందో తెలియటం లేదు, అన్నాడు. ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. ఆటలమ్మ ఆయన చేతుల వైపే చూస్తూ, అప్పుడప్పుడు ఇలా వెనక్కి వెళ్తారు పిల్లలు, కంగారు పడకండి, అంది. అది కూడా అబద్ధం కాదు. ఆమె అబద్ధాలు ఆడేది కాదు.

ఆ ఆదివారం భర్తతో కలిసి డాబా మీద బట్టలు ఆరేస్తూ, పేరూ ఊరూ చెప్పకుండా, ఒక పిల్ల సంగతి అని కొంచెం చెప్పింది. ఆయన కారు నడపటం నేర్పిస్తాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా భయపడేవాళ్ల పక్క సీటులో కూర్చునే మనిషి. వాళ్లు రోడ్డు చూడకుండా నా మొహం చూస్తారే, అదే నాకు పెద్ద బెడద, అని రోజూ అనేది ఆయనే. ఇవాళ మాత్రం క్లిప్పులు పెట్టుకుంటూ ఒక్కటే అడిగాడు.

"నీకు ఆ పిల్ల మాట్లాడాలనా, నీతో మాట్లాడాలనా?"

ఆటలమ్మ చేతిలో ఉన్న తడి దుప్పటి ఆయన మీదకి విసిరి కిందకి వచ్చేసింది. మధ్యాహ్నం దాకా పలకలేదు. కోపం ఆయన మీద కాదని తెలిసేసరికి నాలుగైంది.

సోమవారం పొద్దున్నే, ఎనిమిది కాకముందే కేంద్రానికి వెళ్లింది. ఆయా ఒక్కతే టబ్బు ముందు కూర్చుని ఉంది. బొమ్మల్ని తిట్టటం లేదు. మాట్లాడకుండా కడుగుతోంది. ఆటలమ్మ గోడ పక్కనున్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆ పీట చాలా చిన్నది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"మిమ్మల్ని ఈ షిఫ్టుకి మార్పించింది నేనే," అంది.

"తెలుసమ్మా," అంది ఆయా, ఏనుగు చెవుల వెనక తోముతూ. "సూపర్నెంటు గది తుడిచేది నేనే కదా. కాగితం బల్ల మీదే ఉంది. చదవటం రాదు కానీ మీ సంతకం గుర్తుపడతాను, ఆ కింద తోక లాగుతారు చూడండి." నవ్వింది. "ఈ కొత్త మర్యాద ఏంటమ్మా, ఇన్నేళ్లూ నన్ను 'నువ్వు' అనేవారు. నాకు ఎవరినో పిలిచినట్టుంది."

ఆమె తనకన్నా పదేళ్లు పెద్దది. ఆ సంగతి ఆటలమ్మకి ఇన్నేళ్లలో అప్పుడే తట్టింది. సారీ అంటే చిన్నమాట అవుతుందని ఊరుకుని, పిల్ల పరిస్థితి చెప్పింది. బొమ్మరింట్లో ఇసుక గురించి, బల్ల కింద దూరటం గురించి, అన్నం గురించి. ఆయా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. ఆ పిల్ల మీతో ఏం చెప్పేది, అని ఆటలమ్మ అడిగింది.

 ఆ పిల్ల నా ఒక్కదానికే అనుకుని చెప్పింది కదమ్మా, నేను మీకు ఎత్తి ఇస్తే బాగుంటుందా, అంది ఆయా. ఆటలమ్మకి మళ్లీ చురుక్కుమంది. రహస్యం దాచటం గురించి తను కొత్తగా చేరినవాళ్లకి రెండు రోజులు పాఠం చెబుతుంది.

"నా గురించి అన్నది ఒకటుంది, అది చెప్తాను. మిగతాది ఆ పిల్లది," అంది ఆయా చివరికి. "ఆఖరి గురువారం ఆ నవ్వులన్నీ అయ్యాక, మొసలిని నేను కడుగుతానంటే నేను కడుగుతానని పెనుగులాడాం. అలిగింది. 'పో, నువ్వు పో ఇక్కణ్ణించి' అంది. నేను నవ్వి ఊరుకున్నాను. పిల్లలన్నాక అనరా? ఆ తర్వాత వారం నేను లేను."

 పదకొండు రోజుల తమ్ముడు, పొమ్మనటం, పోవటం అన్నీ ఆటలమ్మ మనసులో ఒక్కసారిగా ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇరవై ఎనిమిది వారాలు పిల్ల మొసలిని పాతిపెడుతుంటే, ఆ మొసలి చావు అనుకుంది ఆటలమ్మ. తన నోట్సులో అలానే రాసుకుంది. మొసలి ఆ పిల్లే. పెద్ద నోరున్నది అదొక్కటే కదా ఆ బుట్టలో.

వెళ్లబోతుంటే ఆయా వెనక నించి పిలిచి, ఇంకోటి చెప్పాలమ్మా, అంది. అంత చదువుకున్న మీతో మాట్లాడని పిల్ల నాతో మాట్లాడుతోందని నాకూ కొంచెం గీర ఎక్కింది, మీకు రెండో రోజే వచ్చి చెప్పాల్సింది, చెప్పబుద్ధి కాలేదు, అంది. ఆటలమ్మ తలూపింది. ఆ మాట విన్నాక ఆమెకి ఆయా మీద ఎన్నడూ లేనంత ఇష్టం కలిగింది, అదే సమయంలో ఆ గీర మీద కాస్త కుళ్లు కూడా.

సూపరింటెండెంట్‌కి ఇంకో కాగితం రాసి, ముందు రాసింది వెనక్కి తీసుకుంది. ఆయన కళ్లద్దాల పై నించి చూసి, ఆయాని మళ్లీ పాత వేళకే మార్చాడు.

గురువారం వాళ్లమ్మే తీసుకొచ్చింది. ఆటలమ్మ పిల్లని ఆట గదిలోకి తీసుకెళ్లలేదు. నేరుగా వెనకవైపుకి నడిచింది, పిట్ట రెండడుగుల దూరంలో వెనకే వచ్చింది. టబ్బు నిండా నురగ. ఆయా పీట మీద కూర్చుని, ఏమే కోతీ, నీ చెవులు ఎవరే కొరికింది, అంటోంది.

పిట్ట గుమ్మంలోనే ఆగిపోయింది. దెయ్యాన్ని చూసినట్టు చూసింది. తర్వాత వెళ్లి ఆయా భుజం మీద చెయ్యి వేసి, గట్టిగా నొక్కి చూసింది, మనిషా కాదా అన్నట్టు.

ఆటలమ్మ కింద తడి నేల మీదే కూర్చుంది. పిల్ల నోటి వైపు చూడకుండా, నీళ్లలోకి చూస్తూ చెప్పింది. ఆయా తనంతట తను పోలేదు. నువ్వు పొమ్మన్నందుకు అసలే కాదు. నేను పంపించాను.

"నువ్వు ఆయాతో మాట్లాడతావు, నాతో మాట్లాడవు. నాకు కుళ్లు పుట్టింది. అందుకని పంపించాను. తప్పు చేశాను."

ఇలాంటి మాట పిల్లలతో అనవచ్చని ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. పిట్ట ఆమెని చాలాసేపు చూసింది. తర్వాత ఆయా చెవి దగ్గరికి వంగింది, కానీ గుసగుసగా కాదు, వినపడేటట్టే అడిగింది.

"పెద్దవాళ్లకి కూడా కుళ్లు వస్తుందా?"

"ఆవిడ్నే అడుగు. నాకేం తెలుసు," అంది ఆయా.

పిట్ట అడగలేదు. అయినా ఆటలమ్మ, వస్తుంది, చాలా వస్తుంది, అంది. పిల్ల బుట్టలో వెతికి మొసలిని తీసి నీళ్లలో వేసింది. దాని నోరు తెరిచి, పళ్లు ఒక్కొక్కటే వేలితో రుద్దటం మొదలుపెట్టింది. రుద్దుతూ, మొసలికి చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. బాబు ఎప్పుడూ ఏడ్చేవాడు. అమ్మ పక్కన వాడే పడుకునేవాడు. వీడొద్దు, వీడు పోవాలి అని నేను అనుకున్నాను. దుప్పట్లో దూరి గట్టిగా అనుకున్నాను. వాడు పోయాడు. ఇంకేమైనా అంటే ఇంకా ఎవరైనా పోతారు. అందుకని ఏమీ అనటం లేదు. ఆయా దగ్గర మర్చిపోయి అన్నాను.

ఆయా కళ్లు తుడుచుకుంటే సబ్బు కళ్లలో పడి, అమ్మో మండుతోంది అని కొంగు వెతుక్కుంది. చెప్పాల్సింది ఆటలమ్మే. ఇన్నేళ్ల చదువులో ఈ ఒక్క విషయం మాత్రం ఆమెకి పుస్తకాల నించి రాలేదు. ఈ నెలన్నరలోనే తెలిసింది.

"నేను కూడా ఆయా పోవాలనుకున్నాను," అంది. "రోజూ గట్టిగా అనుకున్నాను. రెండు వారాలు అనుకున్నాను. ఆయా పోయిందా? పోలేదు. ఇక్కడే కూర్చుని కోతి చెవులు పిండుతూనే ఉంది. ఉత్తినే అనుకుంటే ఎవరూ పోరు. ఆఖరికి నేను కాగితం రాసి, సంతకం పెట్టి, పై వాళ్లకి ఇస్తే అప్పుడు మార్చారు. నువ్వు బాబు గురించి కాగితం రాశావా?"

పిట్ట మొసలిని వదిలేసి ఆలోచించింది. నిజంగానే, నుదురు ముడిచి, గుర్తు తెచ్చుకుంటూ ఆలోచించింది. ఆటలమ్మ వైపు తిరిగింది.

"లేదు," అంది. "నాకు అప్పుడు రాయటం రాదు."

"మరి?"

"మరి వాడెందుకు పోయాడు?"

వాడి గుండె పుట్టుకతోనే సరిగ్గా తయారు కాలేదని ఆటలమ్మ చెప్పింది. అది కాగితాల్లో ఉన్న మాటే. పెద్దవాళ్లు పిల్లకి ఎవరూ చెప్పలేదు, చిన్నది కదా ఏం అర్థమవుతుందిలే అని. పిట్ట ఇంకా నాలుగు ప్రశ్నలు వేసింది. గుండె ఎంత ఉంటుంది, ఎవరు తయారు చేస్తారు, ముందే కడిగి చూసుకోవద్దా, నాది సరిగ్గానే ఉందా. వాటిల్లో ఒకటి ఆయాని అడిగింది, మూడు ఆటలమ్మని.

అవతల వరండాలో బల్ల మీద కూర్చున్న వాళ్లమ్మకి ఆ గొంతు ఎప్పుడు వినిపించిందో ఏమో, ఆటలమ్మ తల తిప్పేసరికి గుమ్మంలో నించుని ఉంది, నోటికి చేతిసంచి అడ్డం పెట్టుకుని. పిట్ట ఆమెని చూసి, అమ్మా, నేను కాదంట, అంది. ఆ తల్లి ఆ తడిలోనే కూలబడిపోయింది.

అక్కడితో ఆపేసి ఉంటే ఆటలమ్మకి ఎంతో మర్యాదగా గడిచిపోయేది. ఆమె ఆపలేదు. పిల్లని ఆయా దగ్గర వదిలి, తల్లిని గదిలో కూర్చోబెట్టి అంతా చెప్పింది. ఆరు వారాల కిందటే ఈ గొంతు విన్నానని, మీకు చెప్పకుండా దాచానని, ఆ తర్వాత ఆయాని పంపించానని, ఎందుకు పంపించానో కూడా. తల్లి వింటూ వింటూ ఏడుపు ఆపేసింది.

"ఆరు వారాలు," అంది. "నేను రోజూ నిద్రలో దాని పెదాలు కదులుతాయేమో అని చూసేదాన్ని. మీరు విని, బాగా ఆడుకుంది అన్నారు."

 కావాలంటే పైన ఫిర్యాదు ఇవ్వొచ్చని, ఎలా రాయాలో తనే చెబుతానని ఆటలమ్మ అంది. ఆవిడ ఇచ్చింది. సూపరింటెండెంట్ పిలిచి, చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఆ తర్వాత ఆయన నలుగురిలో ఓర్పు సంగతి ఎత్తలేదు. తల్లి పిల్లని మానిపించలేదు, గురువారం గురువారం తీసుకొస్తూనే ఉంది. కానీ ఆటలమ్మతో పొడిపొడిగా అవసరం మేరకే మాట్లాడేది. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగేది మాత్రం ఆయా చేతి మీదుగానే.

పిట్ట ఇంకో నాలుగు నెలలు వచ్చింది. ముందు ఇంట్లో అమ్మతో మాట్లాడింది, తర్వాత నాన్నతో లిఫ్టుల గురించి, ఆఖరికి బళ్లో. బళ్లో టీచరు ఫోన్ చేసి, మీ అమ్మాయి పక్కవాళ్లని పాఠం విననివ్వటం లేదు అన్నప్పుడు, ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరూ పండగ చేసుకున్నారట. ఆట గంటలో సగం గదిలో గడిచేది, సగం టబ్బు దగ్గర. ఆటలమ్మ టబ్బు దగ్గర కూడా కూర్చునేది, ఒక పెద్ద పీట చేయించుకుని.

కుళ్లు పూర్తిగా పోయిందని చెబితే అబద్ధం. పిట్ట ఏదైనా కొత్త సంగతి మోసుకొస్తే, మెట్లెక్కుతూనే బుడగలత్తా అని కేకేసేది. ఆ కేక విన్న ప్రతిసారీ ఆటలమ్మకి లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది. గుచ్చుకుందని ఇప్పుడు ఆమెకి తెలిసేది, అదొక్కటే తేడా. తెలిసినప్పుడు కుర్చీ లోంచి లేచేది కాదు, కలం పట్టేది కాదు. కాసేపు ఆగి, ఆ నొప్పి కాస్త చల్లబడ్డాక వెళ్లి, ఏమిటే అంత సంగతి, నాకూ చెప్పొచ్చుగా, అనేది. ఒక్కోసారి పిట్ట మళ్లీ మొదటి నించి చెప్పేది. ఒక్కోసారి, బుడగలత్తకి చెప్పేశాగా, ఆవిణ్ణి అడుగు, అనేది. అప్పుడు ఆటలమ్మ ఆయా పక్కన కూర్చుని అడిగేది. ఆయా చేతులు తుడుచుకుని, గొంతు సవరించుకుని, లేనిపోనివి రెండు కలిపి చెప్పేది. అలా కాదు, అలా కాదు అని పిట్ట మధ్యలో దూరి సరిచేసేది.